మేకు దిగని చోట

మా ఆయన్ని అందరూ మేకు అనేవాళ్ళు. అసలు పేరు పెట్టి పిలిచినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మాది టెంట్లు కట్టే వ్యాపారం. మోచేతంత పొడుగు ఇనప మేకుని సమ్మెటతో నేలలోకి దిగ్గొట్టడం, దానికి తాడు కట్టడం, గుడ్డ పైకి లేపడం, పని అయ్యాక విప్పుకుని రావడం. ఆయన కొట్టిన మేకు గాలికి లేవడం ఎవరూ చూడలేదు. అందుకని ఆ పేరు వచ్చిందంటారు. ఒకసారి ఒక మాట మీద కూర్చుంటే మళ్ళీ లేవడు కాబట్టి వచ్చిందని నేనంటాను. ఆయనతో కాపురం చేసినదాన్ని, నా మాటే నమ్మండి.

గుడ్డలు కుట్టేది నేను. కింద షాపు, పైన ఇల్లు. షాపులో గోడ వారన నా మిషను ఉంటుంది. టార్పాలిన్‌ని నాలుగు మడతలు పెట్టినా గుచ్చేస్తుంది. అది నడుస్తుంటే పైన అల్మారాలో గ్లాసులు కూడా ఒకదానికొకటి తగిలి మోగుతాయి. ఆ మోతలోనే మా ఆయన మధ్యాహ్నం హాయిగా గుర్రు పెట్టి నిద్రపోయేవాడు. పిల్ల డ్రమ్ము మీద ఒక్క దెబ్బ వేస్తే మాత్రం లేచి కూర్చునేవాడు. ఇదెక్కడి న్యాయమండీ అని నేను అడగని రోజు లేదు. ఆయన జవాబు చెప్పిన రోజూ లేదు.

మాకు ఒక్కతే పిల్ల. పగలు కళ్ళజోళ్ళ షాపులో పని చేస్తుంది. అక్కణ్ణించి వచ్చి, వెనక షెడ్డులో, మడత పెట్టిన టెంట్ల మధ్య కూర్చుని డ్రమ్ములు వాయిస్తుంది. బళ్ళో చదివే రోజుల నుంచీ అంతే. చేతికి ఏది దొరికితే దాని మీద వాయించేది, నా వంటగిన్నెలన్నీ సొట్టలు పోయాయి. మా ఆయన పైన కిటికీ తెరిచి అరిచేవాడు. ఆ మోతలో అరుపు ఎవరికి వినబడుతుంది? అందుకని చేతులతో చెప్పేవాడు.

ఆ సైగ మా పనిలోది. టెంటు లేపేటప్పుడు మనుషులు నలుమూలలా దూరంగా నిలబడి తాళ్ళు లాగుతారు, గాలిలో మాట అందదు. ఏదైనా తేడాగా ఉంటే మేస్త్రి రెండు చేతులూ తల మీదికెత్తి, కత్తెరలా అడ్డంగా వేసి విడదీస్తాడు. ఎక్కడివాళ్ళు అక్కడ ఆపేయాలి. మా ఆయన అదే సైగ కిటికీలోంచి కూతురికి చేసేవాడు. పిల్ల అది చూసి డ్రమ్ము కర్రలు నేలకేసి కొట్టి, అన్నం తినకుండా పడుకునేది. మర్నాడు మళ్ళీ వాయించేది, మళ్ళీ కిటికీ తెరుచుకునేది. ఆ ఇద్దరి మధ్యా నేను ఇరవై ఏళ్ళు నలిగాను.

ఆయన మీద నాకున్న కోపం అంతా ఇంతా కాదు. కానీ ఒక్క సంగతి చెప్పాలి. ఆ షెడ్డు రేకులు వానకి కారితే డ్రమ్ముల మీద నీళ్ళు పడకుండా పాత గుడ్డ తెచ్చి లోపలంతా కట్టింది ఆయనే. ఎందుకు కట్టారంటే, మోత బయటికి పోతే చుట్టుపక్కలవాళ్ళు పోట్లాటకి వస్తారని అన్నాడు. చుట్టుపక్కలవాళ్ళు ఏ రోజూ నోరెత్తలేదు. పిల్లకి ఇవేవీ పట్టేవి కావు. దానికి తండ్రంటే కిటికీలో చేతులు, అంతే.

ఇలా ఉండగా ఒకాయన వచ్చాడు. జుట్టు భుజాల దాకా, చేతికి నాలుగు దారాలు. ఊరి బయట అడవిలో శని, ఆదివారాలు రెండు రోజులు సంగీతం పెడుతున్నారట. పెద్ద వేదిక ఎవరో చూసుకుంటున్నారట. చెట్ల మధ్య చిన్న వేదిక ఒకటుంది, దానికి పైకప్పు కావాలన్నాడు. మా ఆయన వెళ్ళి చూసొచ్చాడు. చేతులు కడుక్కుంటూ ఒక్కటే మాట అన్నాడు.

"మేకు దిగదు."

జానెడు మట్టి కింద అంతా వేళ్ళూ బండరాళ్ళూనట. ఇక ఆ కథ అయిపోయినట్టే అనుకున్నాను. మేకు దిగని చోట గుడ్డ విప్పకూడదని మా మామగారు ఆయనకి నేర్పిన మొదటి పాఠం. ఆ పాఠం కోసం మంచి మంచి పనులు కాదని తిరిగొచ్చిన మనిషి. చివరికి నా చెల్లెలి పెళ్ళిలో కూడా, నేల గట్టిగా ఉందని, విడిది ముందు టెంటు వెయ్యనని భీష్మించుకు కూర్చున్నాడు. చుట్టాలందరూ ఎండలో నిలబడి నన్ను చూశారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర పిల్ల నాతో చెప్పింది. ఆయన పక్కనే ఉన్నా నాతోనే చెప్పింది. "అమ్మా, మా వాళ్ళకి అడవిలో వాయించే అవకాశం వచ్చింది. చిన్న వేదిక. ఆదివారం మధ్యాహ్నం." దాని మొహం అంత వెలగడం నేనెప్పుడూ చూడలేదు. ముగ్గురు పిల్లలు కలిసి ఎన్నాళ్ళ నుంచో ఎదురుచూస్తున్నారు. పాడే అమ్మాయి, గిటారు అబ్బాయి, ఇది. ఆయన తల ఎత్తకుండా అన్నం కలుపుకున్నాడు.

పొద్దున్న లేచి చూస్తే వ్యానులోకి తాళ్ళు ఎక్కిస్తున్నాడు. "మేకు దిగదన్నారుగా" అన్నాను.

"చెట్లున్నాయిగా. చెట్లకి కడతాను."

"మీ నాన్న లేచి వస్తాడు."

నవ్వలేదు. ఒక తాడు చుట్టి, ఇంకోటి చుట్టి, అప్పుడు అన్నాడు. "కప్పు లేకపోతే చిన్న వేదిక ఎత్తేస్తామంటున్నాడు ఆ జుట్టాయన."

నాకు అర్థమైంది. "ఆ మాట దానికి చెప్పండి, పొంగిపోతుంది" అన్నాను.

"చెప్పకు. నెత్తికెక్కుతుంది."

అదండీ మా ఆయన. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తండ్రి మాట జవదాటాడు, అదీ కూతురి కోసం. ఆ రోజు నేను నవ్వుతూ వ్యాను ఎక్కాను.

చిరుగులేమైనా పడితే కుట్టడానికి సూదీ దారం పట్టుకుని నేనూ వెళ్ళాను. మా దగ్గర పనిచేసే పెద్దాయన ఒకరుంటారు, ఇంటిల్లిపాదీ బాబాయ్ అంటాం, ఆయనా వచ్చాడు. అడవంటే నాకు మొదటి నుంచీ సరిపడదు. పట్టపగలు కూడా లోపల సాయంత్రంలా ఉంది. కింద ఆకు కదలదు. పైన, ఎక్కడో కొమ్మల చివర, గాలి ఆగకుండా తిరుగుతూనే ఉంది. ఒక్క పిట్ట కూత లేదు. "ఇక్కడ పిట్టల్లేవేం బాబాయ్?" అంటే, "మోత మొదలెట్టారుగా, పారిపోయి ఉంటాయి" అన్నాడు. మోత అప్పటికి ఇంకా మొదలవలేదు.

వేదిక నాలుగు మూలలకీ నాలుగు చెట్లు దొరికాయి. మా ఆయన ఒక్కోదాని దగ్గర నిలబడి, అరచేత్తో కొట్టి, పైకి చూసి, అప్పుడు తాడు వేశాడు. వెనక ఎడమ మూల చెట్టుకి కింది నుంచి పై దాకా తీగలు అల్లుకుని ఉన్నాయి. పచ్చగా, అన్నిటికన్నా నిండుగా కనబడింది. ఆ పచ్చదనం తీగలదని, లోపల చెట్టు ఎప్పుడో పోయిందని, మేకులు తప్ప ఎరగని మనిషికి ఎలా తెలుస్తుంది? నాకైనా ఎలా తెలుస్తుంది?

కట్టడం అయ్యాక నా పక్కన కూర్చుని మంచినీళ్ళు తాగాడు. "మేకుకి ప్రాణం లేదే. పెట్టిన చోట ఉంటుంది. ఇవి కదులుతున్నాయి" అన్నాడు.

"చెట్లన్నాక కదలవా?"

"అదే అంటున్నా."

శనివారం జనం వచ్చారు. పిల్లలు, పెద్దలు, మొహాలకి రంగులు పూసుకున్నవాళ్ళు, దుప్పట్లు పరుచుకుని ఆకాశం కేసి చూస్తూ పడుకున్నవాళ్ళు. ఒకతను చెట్టుని కౌగిలించుకుని కదలడే. ఇంకొకడు నా దగ్గరికొచ్చి, కళ్ళు మూసుకుని, "అక్కా, అడవి మాట్లాడుతోంది, వింటున్నావా?" అన్నాడు. "వింటున్నా నాయనా, బాత్రూము దగ్గర అంత పొడుగు వరసేంటని అడుగుతోంది" అన్నాను. నవ్వుకున్నాం. పెద్ద స్పీకరు పెట్టెల్లోంచి మోత మొదలైతే చెవుల కన్నా ముందు అరికాళ్ళకి తెలిసేది. నేల లోపల ఎవరో నడుస్తున్నట్టే ఉంది. నాకు అస్సలు నచ్చలేదు. ఇంటికి పోదామా అని రెండుసార్లు అనిపించింది.

రాత్రి వాన పడింది. పొద్దున్న చూస్తే ఆ వెనక మూల తాడు వదులైంది.

"ముడి జారినట్టుంది మేస్త్రీ" అన్నాడు బాబాయ్. వేరే రోజైతే ఆ మాటకి మా ఆయన అగ్గి మీద గుగ్గిలం అయ్యేవాడు. ఆయన ముడి జారిందన్నవాడితో వారం పాటు మాట్లాడడు. ఆ రోజు మాత్రం ముడి వేళ్ళతో తడిమి చూసుకున్నాడు, బిగించాడు. తడిసిన తాడు కదా, సాగి ఉంటుందన్నాడు. ఆయన కోప్పడకపోవడం చూసి నాకు భయం పట్టుకుంది.

మధ్యాహ్నానికి మళ్ళీ వదులైంది. మళ్ళీ బిగించాడు. ఈసారి ఆ జుట్టాయన దగ్గరికి వెళ్ళి, గాలి పెరిగితే కార్యక్రమం ఆపేయాలని చెప్పాడు. "తప్పకుండా అన్నా, వాన వెలిసిందిగా, ఏం కాదు" అని మా ఆయన భుజం తట్టి వెళ్ళిపోయాడు. ఆ తట్టిన చోట మా ఆయన చాలాసేపు చెయ్యి పెట్టుకునే ఉన్నాడు.

పిల్ల వేదిక వెనక కర్రలు తిప్పుకుంటూ నిలబడింది. నన్ను చూసి, "నాన్న ఇక్కడే ఉంటాడా?" అంది.

"టెంటు ఆయనదేగా, ఎక్కడికి పోతాడు?"

"ఎదురుగా నిలబడొద్దని చెప్పు. ఆ మొహం చూస్తే నా చెయ్యి ఆడదమ్మా."

ఈ కప్పు ఎందుకు లేచిందో తెలుసా అని చెప్పెయ్యాలనిపించింది. వాయించడం అయిపోనీ, దిగాక నేనే చెప్తాను, ఆయన తిడితే తిట్టనీ అనుకున్నాను.

మొదలుపెట్టారు. షెడ్డులో విన్నదే కదా అనుకున్నాను గానీ, కాదు. పాడే అమ్మాయి గొంతు పైకి లేస్తుంటే దాన్ని కింద నుంచి ఎత్తి పట్టుకున్నవి నా కూతురి చేతులు. పడుకున్నవాళ్ళు లేచి కూర్చున్నారు. కూర్చున్నవాళ్ళు నిలబడ్డారు. నా కళ్ళు నీళ్ళతో మసకబారాయి. ఆయన మొహం చూడాలని పక్కకి తిరిగాను.

ఆయన దాన్ని చూడటం లేదు. ఆ తాడునే చూస్తున్నాడు. మూడోసారి వదులైంది. ఈసారి ముడి జోలికి పోలేదు. తాడు వెంబడే చెట్టు దాకా నడిచి, దాని మొదలు దగ్గర గొంతుకూర్చుని, నేల మీద చెయ్యి పెట్టాడు. నేను నాలుగడుగులు వేసి చూశాను. పైన గాలి వీచినప్పుడల్లా అక్కడి మట్టి, ఉడుకుతున్న గిన్నె మీద మూతలా, లేచి పడుతోంది.

పరిగెత్తుకొచ్చాడు. జనాన్ని తోసుకుంటూ వేదిక ముందుకెళ్ళి, రెండు చేతులూ తల మీదికెత్తి, అడ్డంగా వేసి విడదీశాడు.

పిల్ల చూసింది. చూసిందని నాకు తెలుసు, దాని మొహం మారిపోయింది. అంత పెద్దపిల్లా ఒక్క క్షణంలో కిటికీ కింద నిలబడ్డ పద్నాలుగేళ్ళది అయిపోయింది. అంతమంది ముందు. తను ఇన్నాళ్ళూ ఎదురుచూసిన రోజున. గడ్డం పైకెత్తింది, కళ్ళు మూసుకుంది, అంతకుముందు కన్నా గట్టిగా కొట్టడం మొదలెట్టింది.

ఆయన మళ్ళీ చేశాడు. చుట్టూ ఉన్న కుర్రకారుకి అది ఆటలా కనబడింది. ముసలాయన ఊపు మీదున్నాడనుకున్నారు. వాళ్ళూ చేతులెత్తి కత్తెర వెయ్యడం మొదలెట్టారు. ఒకరిని చూసి ఒకరు, వెనక వరసల దాకా, అందరి చేతులూ పైకి లేచి అడ్డంగా పడి విడిపోతున్నాయి. ఆ చేతుల మధ్య మా ఆయన చేతులు ఏవో నాకే తెలియలేదు. ఆపండి, ఆపండి అని అడవంతా చెబుతోంది, ఒక్కరికీ అర్థం కావడం లేదు.

నన్ను వెతుక్కుంటూ వచ్చి చెవిలో అరిచాడు. "చెట్టు వేదిక మీదికొస్తోంది. నేను చెప్తే పిల్ల వినదు. నువ్వెళ్ళు."

"మీరో?"

"పోవే!"

ఆయన నన్ను అలా కసరడం అదే ఆఖరు. నేను మెట్లెక్కాను. ఆయన భుజాన తాడు చుట్టతో వెనక్కి పరిగెత్తాడు.

వెనక నుంచి పిల్ల చొక్కా పట్టుకుని లాగాను. కళ్ళు తెరిచి నన్ను చూసి, "నువ్వు కూడానా అమ్మా?" అంది. ఆ మాటకి జవాబు చెప్పే టైము లేదు. స్టూలు మీద నుంచి ఈడ్చాను. పెనుగులాడింది. కాలితో ఒక డ్రమ్ముని తన్నేశాను, అది దొర్లిపోయింది. అప్పుడు నా మొహం చూసి, ఏం చూసిందో, లేచింది. మిగతా ఇద్దర్నీ రమ్మని అరిచాను. మేం కిందికి దిగి చెట్ల వైపు పరిగెత్తాం.

వెనక చప్పుడైంది. నేను విన్నది చెట్టు విరిగిన చప్పుడు కాదు, గుడ్డ చిరిగిన చప్పుడు. అది నేను కుట్టిన గుడ్డ, నా కుట్టు మీదే చిరిగింది.

తర్వాత బాబాయ్ చెప్పాడు. వాలిపోతున్న చెట్టుకి మా ఆయన తాడు చుట్టి, దాని వెనక ఉన్న ఇంకో చెట్టుకి బిగించి కట్టాడట. బాబాయ్ వద్దు వద్దు అంటున్నా వినలేదట. "పిల్ల దిగిందా? దిగిందా?" అని అడుగుతూనే ముడి వేశాడట. ఆ తాడు పట్టింది. చెట్టు వేదిక మీదికి రాకుండా కాసేపు అలా ఆగింది. ఆ కాసేపట్లోనే మేం దిగింది. తర్వాత తాడు తెగకుండానే చెట్టు పక్కకి తిరిగి పడింది. ఆయన ఆ పక్కన ఉన్నాడు.

అక్కడ ఇంకెవరికీ దెబ్బ తగల్లేదు. అందరూ అదే చెప్పి నన్ను ఓదార్చారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇంటికొచ్చాక పిల్ల మాట్లాడటం మానేసింది. తినదు. షాపు వెనక మెట్టు మీద కూర్చుని, తన చేతులు తను చూసుకుంటూ ఉండేది. కళ్ళజోళ్ళ షాపువాళ్ళు ఫోను చేస్తే తియ్యలేదు. నేను మిషను తొక్కుతూ దాన్నే కనిపెట్టుకుని ఉన్నాను. దాని చూపు చూస్తే ఆయన్ని తీసుకెళ్ళినట్టు దీన్ని కూడా ఏదో తీసుకుపోతోందనిపించేది. స్నానానికి వెళ్తే తలుపు దగ్గర నిలబడేదాన్ని.

ఒకరోజు సాయంత్రం వచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది.

"అమ్మా, నాన్న చేతులు ఊపినప్పుడు చెట్టు సంగతి ఆయనకి తెలుసా?"

నేను సూది కింద గుడ్డ సర్దాను.

"తెలిసే వచ్చాడా అమ్మా? నేను మొదటిసారే ఆపి ఉంటే..."

ఆపి ఉంటే ఆయన నీతో పాటే పరిగెత్తి ఉండేవాడు తల్లీ. ఇవాళ పైన పడుకుని గుర్రు పెడుతూ ఉండేవాడు. ఇదే నిజం. అది నా నోటి దాకా వచ్చింది.

"తెలీదు. అప్పటికి ఎవరికీ ఏమీ తెలీదు. నీ మోత ఆపమనే వచ్చాడు, ఎప్పుడూ చేసేదేగా. నువ్వు వినలేదని చిరాకు పడి వెనక్కి వెళ్ళాడు. అప్పుడు చూశాడు చెట్టుని. చూసి నన్ను పంపాడు" అన్నాను.

నా కళ్ళల్లో వెతికింది. నా మొహంలో ఏమీ దొరకనివ్వలేదు.

"అంతమంది ముందు కూడానా?" అంది.

"అంతమంది ముందు కూడా."

దాని మొహం ఎర్రబడింది. "ఎంత మొండి మనిషమ్మా" అంది. అంటూనే బావురుమంది. ఆయన పోయాక అది ఏడవడం అదే మొదలు. ఏడ్చి, లేచి, మొహం కడుక్కుని, అన్నం పెట్టమంది. నేను పెట్టాను. రెండోసారి కూడా పెట్టించుకుంది.

బాబాయ్‌కి గట్టిగా చెప్పాను, నోరు జారితే ఊరుకోనని. ఇదిగో, ఇప్పుడు మీకూ చెబుతున్నాను. ఆ పైకప్పు దాని కోసమే కట్టాడని కూడా ఇక నేను చెప్పలేను. ఒక్క పోగు లాగితే అంతా ఊడొస్తుంది. తండ్రి మీద కోపంతో పిల్ల బతుకుతుంది. తండ్రి తన కోసం పోయాడని తెలిస్తే బతకదు. ఆయన ఉంటే నేను చేసిందే చెయ్యమనేవాడు, నాకు తెలుసు. తెలిసినా రోజూ ఆయన ఫోటో ముందు నిలబడటానికి నాకు మొహం చెల్లడం లేదు.

ఇప్పుడు షెడ్డులో మళ్ళీ వాయిస్తోంది. కసిగా వాయిస్తుంది, గ్లాసులు అదిరేలా. మొన్న పాడే అమ్మాయి షాపుకొస్తే దానితో అంటోంది, "మా నాన్నకి నా వాయింపు ఒక్కరోజు కూడా నచ్చలేదే" అని. నేను పక్కనే మిషను దగ్గర ఉన్నాను. ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను అవునన్నట్టు తల ఊపి, గుడ్డ మడత వేసుకుని, కుట్టుకుంటూ పోయాను.